ఆర్కిడ్ వేరులోని శిలీంధ్రం: జన్యువు చెప్పే ఆనవాలు

ఆర్కిడ్ విత్తనంలో తిండి ఉండదు. వరి గింజలో పిండి ఉంటుంది. కంది గింజలో పప్పు ఉంటుంది. మొలక వేరు తన్ని, ఆకు విప్పేదాకా ఆ నిల్వే దాన్ని సాకుతుంది. ఆర్కిడ్ గింజకు ఆ నిల్వ లేదు. బయట పలుచని పొర, లోపల కొద్దిపాటి కణాల ముద్ద, అంతే. చాలా జాతుల్లో ఒక్కో గింజ బరువు గ్రాములో లక్షో వంతుకు కూడా రాదు. ఒక్క కాయలో వేల గింజలు ఉంటాయి. కొన్ని జాతుల్లో పది లక్షలు కూడా దాటతాయి. కాయ పగలగానే గాలి వాటిని ఎత్తుకుపోతుంది.

ఇన్ని గింజలు ఎగిరినా మొలిచేవి చాలా కొద్ది. పడిన చోట తేమ ఉంటే చాలదు. నీడ ఉంటే చాలదు. ఆ చోట సరైన శిలీంధ్రం ఉండాలి. శిలీంధ్రం అంటే బూజు, పుట్టగొడుగుల వర్గానికి చెందిన జీవి. దాని ఒళ్లంతా సన్నటి దారాలే. ఆ దారాలు ఆర్కిడ్ గింజలోకి దూరతాయి. లోపలి కణాల్లో ఉండలుగా చుట్టుకుంటాయి. ఈ చుట్టలను పెలొటాన్లు అంటారు. ఆర్కిడ్ వాటిని జీర్ణం చేసుకుంటుంది. చక్కెర, నత్రజని, భాస్వరం మొలకకు అందేది ఆ దారాల నుంచే. మొలక మొదట చిన్న గడ్డలా ఉబ్బుతుంది. కొన్ని జాతులు ఆ దశలోనే నెలల తరబడి, కొన్ని ఏళ్ల తరబడి నేలలో ఉండిపోతాయి. పచ్చని ఆకు ఆ తర్వాతే వస్తుంది.

ఆకులు వచ్చాక కూడా ఈ స్నేహం తెగదు. పెరిగిన మొక్క వేరును అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, కణాల్లో ఆ చుట్టలు కనిపిస్తూనే ఉంటాయి. కొన్ని ఆర్కిడ్లయితే జీవితమంతా ఒక్క పచ్చని ఆకు కూడా వేయవు. పుట్టినప్పటి నుంచి పోయేదాకా శిలీంధ్రం పెట్టే తిండితోనే బతుకుతాయి.

ఈ సంగతిని లోకానికి చెప్పినవాడు నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త. 1899లో ఫాంటెన్‌బ్లో అడవిలో ఆయనకు ఒక ఆర్కిడ్ కంకి దొరికింది. పక్షిగూడు ఆర్కిడ్ అని పిలిచే జాతి అది. కంకి నేలకొరిగి, రాలిన ఆకుల కింద కప్పబడిపోయి ఉంది. దాని కాయల్లోనే గింజలు మొలకెత్తి ఉన్నాయి. పరీక్షించిన ప్రతి మొలకలోనూ శిలీంధ్రం ఉంది. శిలీంధ్రం చేరితేనే గింజ మొలుస్తుందని ఆయన గ్రహించాడు. తర్వాత ప్రయోగాలతో నిరూపించాడు. 36 ఏళ్ల వయసులో, 1911లో, ఆయన కన్నుమూశాడు. ఆ కొద్ది ఏళ్ల పనే ఈ శాస్త్రానికంతా పునాది.

1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ మరో దారి చూపించాడు. శిలీంధ్రం లేకుండానే, చక్కెర కలిపిన పోషక ద్రవ్యం మీద ఆర్కిడ్ గింజలను మొలిపించాడు. ఈనాడు పూల దుకాణాల్లో దొరికే ఆర్కిడ్లలో చాలావాటి వెనుక ఈ పద్ధతే ఉంది. సీసాలో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. అడవిలో గింజకు చక్కెర పోసేవారు లేరు. అరుదైన ఆర్కిడ్‌ను తిరిగి అడవిలో నిలబెట్టాలంటే, దాని గింజలు అక్కడే మొలవాలంటే, శిలీంధ్రం కావాల్సిందే. అప్పుడు వచ్చే ప్రశ్న ఒక్కటే. ఏ శిలీంధ్రం?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం చాలాకాలం కష్టమైంది. కారణం శిలీంధ్రాల రూపమే. పుట్టగొడుగు మొలిస్తే దాని గొడుగు చూసి, బీజాలు చూసి పేరు పెట్టవచ్చు. ఆర్కిడ్ వేళ్లలో ఉండేవి చాలావరకు అలా పైకి కనిపించవు. ప్రయోగశాలలో పెంచితే లేత గోధుమరంగు దారాలు పాకుతాయి. బీజాలు రావు. దారం లంబకోణంలో చీలుతుంది. అక్కడక్కడా ఉబ్బిన కణాలు వరుసగా ఉంటాయి. ఇంతకు మించి ఆనవాలు ఏదీ ఉండదు. ఇలాంటివాటన్నిటినీ కలిపి రైజోక్టోనియా అని పిలిచేవారు.

రైజోక్టోనియా అనే మాట తెలుగు రైతులకు పరిచయమే. వరిలో పాముపొడ తెగులు తెచ్చేది రైజోక్టోనియా సొలానీ. అంటే, వరి దుబ్బును ఎండగట్టే శిలీంధ్రమూ, ఆర్కిడ్ గింజకు అన్నం పెట్టే శిలీంధ్రమూ సూక్ష్మదర్శిని కింద ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయన్న మాట. కంటి చూపు మీద ఆధారపడితే ఈ రెండింటినీ విడదీయడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జాక్ వార్కప్, టాల్బట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఓపికగా ఒక పని చేశారు. ఆర్కిడ్ల నుంచి తీసిన దారాలను పెంచి, వాటి మీద మట్టి పొర కప్పి, బీజాలు వచ్చేదాకా వేచి చూశారు. కొన్నిటికి బీజాలు వచ్చాయి. 1960ల చివర్లో వారు ఆ ఫలితాలు ప్రకటించడం మొదలుపెట్టారు. రైజోక్టోనియా అన్న ఒక్క పేరు కింద నిజానికి వేర్వేరు కుటుంబాలు ఉన్నాయని అప్పుడు స్పష్టమైంది. వాటిలో ముఖ్యమైనవి మూడు. ఒకటి తులస్నెల్లా. రెండోది సెరటోబసీడియం. మూడోది ఈనాడు సెరెండిపిటా అని పిలిచే గుంపు. ఈ ప్రసంగంలో ఈ మూడు పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. తులస్నెల్లా, సెరటోబసీడియం, సెరెండిపిటా.

వార్కప్ పద్ధతిలో లోటు ఏమిటంటే, చాలా శిలీంధ్రాలు ఎంత వేచి చూసినా బీజాలు వేయవు. కొన్ని అసలు సీసాలో పెరగనే పెరగవు. అలాంటప్పుడు చూడదగ్గది వాటి రూపం కాదు, వాటి డీఎన్‌ఏ. ప్రతి జీవి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. అది ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసిన చాలా పొడవైన రాత. తరాలు గడిచేకొద్దీ ఆ రాతలో అక్షరాలు మారుతూ ఉంటాయి. అయితే అన్నిచోట్లా ఒకే వేగంతో మారవు. కొన్ని భాగాలు కోట్ల ఏళ్లకు గానీ మారవు. కొన్ని త్వరత్వరగా మారిపోతాయి. ఒక జీవిని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఇలాంటి భాగాన్ని జన్యు గుర్తు అంటారు. శాస్త్రజ్ఞుల వాడుకలో మార్కర్.

ఇది అర్థం కావడానికి ఒక పల్లెను తలుచుకుంటే చాలు. ఆ పల్లెలో ఒక మనిషిని వెతకాలి. ఇంటిపేరు ఒక్కటే తెలిస్తే, ఆ ఇంటిపేరు ఉన్న గడపలు ఇరవై ఉండవచ్చు. ఏ వీధికి వెళ్లాలో తెలుస్తుంది, ఏ తలుపు తట్టాలో తెలియదు. పేరు కూడా తెలిస్తే పని తేలికవుతుంది. కానీ తాత పేరు మనవళ్లకు పెట్టే ఊళ్లలో, ఒకే ఇంటిపేరూ ఒకే పేరూ ఉన్నవాళ్లు నలుగురు తేలతారు. రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేయించుకునేది అందుకే. ఇంటిపేరు కుటుంబాన్ని చెబుతుంది. పేరు మనిషిని దాదాపుగా చెబుతుంది. వేలిముద్ర ఆ ఒక్క మనిషినే చెబుతుంది.

జన్యు గుర్తులూ అంతే. నెమ్మదిగా మారే డీఎన్‌ఏ భాగం ఇంటిపేరు చెబుతుంది. అంటే, ఇది తులస్నెల్లా కుటుంబానిదా, సెరటోబసీడియం కుటుంబానిదా అన్నది తేలుస్తుంది. కాస్త వేగంగా మారే భాగం పేరు చెబుతుంది. అంటే జాతిని తేలుస్తుంది. చాలా వేగంగా మారే భాగం వేలిముద్ర. ఇక్కడ దొరికిన దారమూ, పది అడుగుల అవతల దొరికిన దారమూ ఒకే శిలీంధ్రానివా, రెండు వేర్వేరు శిలీంధ్రాలవా అన్నది అదే చెబుతుంది. ఈ రంగంలో పనిచేసేవారు ముందుగా నేర్చుకోవలసిన సంగతి ఇదే. ఏ ప్రశ్నకు జవాబు కావాలో మొదట తేల్చుకోవాలి. గుర్తును ఎంచుకోవడం ఆ తర్వాత.

శిలీంధ్రాలకు పేరు చెప్పే గుర్తుగా ఎక్కువమంది వాడేది ఐటీఎస్ అనే భాగం. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లు ఉంటాయి. వాటి తయారీకి కావలసిన జన్యువులు డీఎన్‌ఏలో వరుసగా ఉంటాయి. ఆ జన్యువులు కీలకమైనవి కాబట్టి పెద్దగా మారవు. వాటి మధ్య మాత్రం ఖాళీ భాగాలు ఉంటాయి. కణం వాటిని నకలు తీసి, ఆ తర్వాత కత్తిరించి పారేస్తుంది. రైబోజోమ్‌లో వాటికి చోటు లేదు. అందువల్ల అక్కడ అక్షరాలు మారినా జీవికి నష్టం తక్కువ. మార్పులు అక్కడ పోగుపడతాయి. ఆ ఖాళీ భాగాలే ఐటీఎస్. మధ్యలో ఉన్న చిన్న జన్యువుతో కలుపుకుని, సాధారణంగా 500 నుంచి 700 అక్షరాల పొడవుంటుంది.

ఐటీఎస్‌కు రెండు సౌకర్యాలు ఉన్నాయి. అటూ ఇటూ మారని జన్యువులు ఉన్నాయి కాబట్టి, ఏ శిలీంధ్రమైనా ఆ రెండు కొసలు పట్టుకుంటే మధ్య భాగం చేతికొస్తుంది. ఇది మొదటి సౌకర్యం. రెండోది, ఈ జన్యువుల వరుస ఒక్కో కణంలో పదుల, వందల ప్రతులుగా ఉంటుంది. అందువల్ల చాలా తక్కువ పదార్థం నుంచి కూడా దాన్ని రాబట్టవచ్చు. ఆర్కిడ్ వేరులోంచి తీసిన ఒక్క చుట్ట చాలా చిన్నది. దానికీ ఇది సరిపోతుంది.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. ఆర్కిడ్ వేరును చిన్న ముక్కగా కోస్తారు. మట్టిలోని ఇతర బూజులు అంటుకోకుండా పైభాగాన్ని శుభ్రం చేస్తారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి, సూదితో కణాలను విప్పి, దారాల చుట్టను బయటికి తీస్తారు. దాన్ని పదే పదే కడుగుతారు. తర్వాత డీఎన్‌ఏ తీస్తారు. ఆ డీఎన్‌ఏలో కావలసిన భాగాన్ని మాత్రం కోట్ల నకళ్లుగా పెంచుతారు. ఈ పెంచే పద్ధతి పేరు పీసీఆర్. కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ వినిపించిన మాటే ఇది.

పీసీఆర్‌లో ద్రావణాన్ని సుమారు 95 డిగ్రీల దాకా వేడి చేస్తారు. డీఎన్‌ఏ రెండు పోగులుగా విడిపోతుంది. సుమారు 55 డిగ్రీలకు చల్లారుస్తారు. అప్పుడు ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు తమకు సరిపోయే చోట అతుక్కుంటాయి. మళ్లీ 72 డిగ్రీలకు తెస్తే అక్కడి నుంచి నకలు తయారవుతుంది. ఒకసారి తిరిగితే ఒకటి రెండవుతుంది. మరోసారి తిరిగితే రెండు నాలుగవుతాయి. లెక్క ప్రకారం 30 సార్లు తిరిగేసరికి 100 కోట్లు దాటతాయి. ఆ నకళ్లలోని అక్షరాలను యంత్రం చదువుతుంది. చదివిన రాతను జెన్‌బ్యాంక్, యునైట్ వంటి భాండాగారాల్లో ఉన్న రాతలతో పోల్చి చూస్తారు. దగ్గరగా ఏది కలిస్తే ఆ కుటుంబం, ఆ జాతి.

ఇందులో గమనించాల్సింది ప్రైమర్ల పాత్ర. ప్రైమర్ ఎక్కడ అతుక్కుంటే అక్కడే నకలు మొదలవుతుంది. అతుక్కోకపోతే నకలు రాదు. 1990లో అమెరికా శాస్త్రజ్ఞులు టామ్ వైట్, థామస్ బ్రన్స్, మరి ఇద్దరు కలిసి ఐటీఎస్‌కు ప్రైమర్లు రూపొందించారు. అవి ఎంతో ఉపయోగపడ్డాయి. కానీ ఒక ఇబ్బంది ఉంది. అవి మొక్క డీఎన్‌ఏకు కూడా అతుక్కుంటాయి. ఆర్కిడ్ వేరులో శిలీంధ్రం కంటే ఆర్కిడ్ డీఎన్‌ఏ ఎక్కువగా ఉంటుంది. శిలీంధ్రాన్ని వెతకబోతే మొక్కే దొరుకుతుంది. అందుకని 1993లో మోనిక్ గార్డ్, బ్రన్స్ శిలీంధ్రాలకు మాత్రమే సరిపోయే ప్రైమర్లు తయారుచేశారు. 2012లో శిలీంధ్ర శాస్త్రజ్ఞుల పెద్ద బృందం ఒకటి ఐటీఎస్‌నే శిలీంధ్రాలన్నిటికీ ప్రామాణిక గుర్తుగా వాడాలని ప్రతిపాదించింది.

అంతా చక్కబడినట్టే అనిపించింది. నిజానికి ఆర్కిడ్ల విషయంలో అసలు చిక్కు ఇక్కడే దాగి ఉంది. తులస్నెల్లా శిలీంధ్రాల్లో రైబోజోమ్ జన్యువులు విపరీతమైన వేగంతో మారాయి. ఎంత వేగంగా అంటే, మిగతా శిలీంధ్రాలన్నిటిలోనూ మారకుండా ఉన్న చోట్లు కూడా వీటిలో మారిపోయాయి. మామూలు ప్రైమర్లు పట్టుకునే కొసలు అవే. దాంతో ప్రైమర్ సరిగా అతుక్కోదు. నకలు రాదు. వేరులో తులస్నెల్లా నిండుగా ఉన్నా, పరీక్షలో అది కనబడదు. పైగా దారిన పోతూ వేరులో చేరిన వేరే బూజు ఏదైనా ఉంటే, దాని నకలు బ్రహ్మాండంగా వస్తుంది. అప్పుడు ఈ ఆర్కిడ్‌కు తోడు ఈ బూజే అని రాసేసుకునే ప్రమాదం ఉంది.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచంలో సుమారు 28,000 ఆర్కిడ్ జాతులు ఉన్నాయి. వాటిలో ఎన్నో జాతులకు ముఖ్యమైన తోడు తులస్నెల్లాయే. దాన్నే చూడలేని పరీక్షతో ఆర్కిడ్లను పరీక్షిస్తే, వచ్చే జవాబును ఎలా నమ్మాలి? 2008లో లీ టేలర్, మెలిస్సా మెకార్మిక్ దీనికి పరిష్కారం ప్రచురించారు. ఆర్కిడ్ శిలీంధ్రాల కోసమే సరిచేసిన ప్రైమర్లు, తులస్నెల్లా కోసమే ప్రత్యేకంగా మరో ప్రైమర్ వారు రూపొందించారు. అప్పటి నుంచి జాగ్రత్త గల పరిశోధకులు ఒకే వేరును కనీసం రెండు రకాల ప్రైమర్లతో పరీక్షిస్తున్నారు. పరీక్షలో కనబడలేదు అంటే అక్కడ లేదు అని అర్థం కాదు. పట్టుకునే ప్రైమర్ సరైనది కాకపోయి ఉండవచ్చు. ఈ మాట మరోసారి చెప్పుకోవడం అవసరం. కనబడలేదు అంటే లేదు అని కాదు.

సెరటోబసీడియంతో ఇంకో రకం చిక్కు ఉంది. ఒకే శిలీంధ్రంలో ఉన్న ఐటీఎస్ ప్రతులన్నీ ఒకేలా ఉండకపోవచ్చు. అక్కడో అక్షరం, ఇక్కడో అక్షరం తేడా ఉంటుంది. యంత్రం చదివినప్పుడు ఆ ప్రతులు ఒకదాని మీద ఒకటి పడి రాత చెదిరిపోతుంది. అప్పుడు ప్రతులను విడివిడిగా వేరుచేసి చదవాలి. కేంద్రకం బయట, మైటోకాండ్రియాలో ఉన్న డీఎన్‌ఏను చదవడం మరో మార్గం. 2001లో ఐరోపాకు చెందిన డాక్టిలోరైజా అనే ఆర్కిడ్‌లో ఒక్కొక్క చుట్టనూ విడిగా తీసి, మైటోకాండ్రియా డీఎన్‌ఏతో వాటిలోని శిలీంధ్రాలను గుర్తించారు. ఒక్క చుట్ట సరిపోయిందంటే, వేరంతా నూరి కలగాపులగం చేయనక్కర లేదని తేలింది.

జన్యు గుర్తులు తెచ్చిన ఆశ్చర్యాల్లో మొదట చెప్పుకోవలసింది 1997 నాటిది. టేలర్, బ్రన్స్ అమెరికా పశ్చిమ తీరపు అడవుల్లో ఆకుపచ్చదనం లేని రెండు ఆర్కిడ్లను పరీక్షించారు. వాటి వేళ్లలో రైజోక్టోనియా వర్గం దొరకలేదు. ఒకదానిలో రుస్సులా కుటుంబం, రెండోదానిలో థెలెఫోరా కుటుంబం దొరికాయి. ఈ రెండూ పెద్ద చెట్ల వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలు. చెట్టు వాటికి చక్కెర ఇస్తుంది. అవి చెట్టుకు ఖనిజాలు అందిస్తాయి. ఆర్కిడ్ ఆ శిలీంధ్రాన్ని పట్టుకుని, దాని గుండా చెట్టు చేసిన చక్కెరనే తాగుతోంది. పైకి చూస్తే చెట్టు నీడలో పూసిన పువ్వు. నేల కింద ఆ చెట్టు సంపాదన తింటున్న మొక్క. డీఎన్‌ఏ చదవకముందు ఈ లంకెను ఇంత కచ్చితంగా చూపించే వీలు లేదు.

ఇంకా విచిత్రమైన మొక్క పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉంది. దాని పేరు రైజాంథెల్లా గార్డ్‌నెరీ. 1928లో ఒక రైతు పొలంలో బయటపడింది. ఈ ఆర్కిడ్ నేల కిందే పుడుతుంది, నేల కిందే పూస్తుంది. దాని తోడు సెరటోబసీడియం వర్గపు శిలీంధ్రమని ఐటీఎస్ చెప్పింది. ఆ శిలీంధ్రం పక్కనే ఉండే మెలలూకా పొద వేళ్లలోనూ అల్లుకుంటుంది. జాడ తెలిసేలా గుర్తుపెట్టిన కార్బన్‌ను పొదకు అందించి చూస్తే, అది ఆర్కిడ్‌లోకి చేరింది. అంటే ఈ ఒక్క మొక్క బతకాలంటే శిలీంధ్రమూ కావాలి, ఆ పొదా కావాలి. ఈ రెండింటిలో ఏది పోయినా కథ ముగిసినట్టే. ఈ ఆర్కిడ్‌ను కాపాడాలనుకునేవారు పొదను నరకనివ్వకూడదని తెలిసింది ఇలాంటి పరిశోధనల వల్లే.

వేలిముద్ర స్థాయి గుర్తుల విషయానికి వస్తే, వాటికి మైక్రోశాటిలైట్లు అని పేరు. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు అదేపనిగా మళ్లీ మళ్లీ వస్తాయి. సిఎ, సిఎ, సిఎ, సిఎ అన్నట్టు. ఒక శిలీంధ్రంలో ఆ జత పదిసార్లు రావచ్చు. అదే జాతికి చెందిన ఇంకో శిలీంధ్రంలో పద్నాలుగు సార్లు రావచ్చు. ఇలాంటి చోట్లు ఎనిమిదో పదో కలిపి చూస్తే, ఒక్కో శిలీంధ్రాన్నీ విడిగా గుర్తించవచ్చు. జాతి పేరు చెప్పడానికి ఇవి పనికిరావు. అందుకోసం పుట్టినవి కావు. ఒకే జాతిలోని వేర్వేరు జీవులను విడదీయడం వీటి పని.

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో సెలెస్ట్ లిండే, రాడ్ పీకాల్ బృందం పేరు, వేలిముద్ర అనే ఈ రెండు స్థాయిల గుర్తులనూ తులస్నెల్లా కోసం తయారుచేసింది. 2013లో వాటిని ప్రచురించింది. వారి పరిశోధనలో ముఖ్య పాత్ర కైలోగ్లాటిస్ అనే ఆర్కిడ్లది. ఈ ఆర్కిడ్ పూలు ఆడ కందిరీగ వాసనను విడుదల చేస్తాయి. మగ కందిరీగ మోసపోయి పువ్వు మీద వాలుతుంది. పుప్పొడి అంటించుకుని పోతుంది. ఒక్కో ఆర్కిడ్ జాతి సాధారణంగా ఒక్కో కందిరీగ జాతినే పిలుస్తుంది. మరి ఇన్ని ఆర్కిడ్ జాతులకూ ఇన్ని శిలీంధ్రాలు ఉన్నాయా? ఆ బృందం 2010లో ప్రచురించిన ఫలితం ప్రకారం, లేవు. వేర్వేరు కైలోగ్లాటిస్ జాతులన్నీ తులస్నెల్లాలోని ఒక చిన్న, దగ్గరి బంధువుల గుంపుతోనే కలిసి బతుకుతున్నాయి. కాబట్టి కొత్త ఆర్కిడ్ జాతులు విడిపోవడానికి దారి చూపింది కందిరీగే. శిలీంధ్రం అందరికీ ఉమ్మడి.

ఐటీఎస్ ఒక్కదానితో ఆగకుండా, కేంద్రకంలోని మరికొన్ని జన్యువులనూ, మైటోకాండ్రియా భాగాన్నీ కలిపి చదివిన తర్వాత, 2017లో ఆ బృందమే నాలుగు కొత్త తులస్నెల్లా జాతులకు పేర్లు పెట్టింది. వాటిలో ఒకటి తులస్నెల్లా వార్కపీ. మట్టి కప్పి ఓపికగా వేచి చూసిన ఆ వార్కప్ గౌరవార్థం పెట్టిన పేరు అది. ఒకే గుర్తు మీద కొత్త జాతిని ప్రకటించకూడదన్న పట్టుదల ఈ పనిలో కనిపిస్తుంది. వేర్వేరు జన్యువులు వేర్వేరు దారుల్లో మారుతూ వచ్చి, చివరికి అన్నీ ఒకే మాట చెబితే, ఆ మాటకు బలం ఎక్కువ.

వేలిముద్ర స్థాయి గుర్తులతోనే జవాబు దొరికే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆర్కిడ్ తన శిలీంధ్రాన్ని జీవితాంతం అంటిపెట్టుకుంటుందా, మారుస్తుందా? అమెరికాలో గుడ్యేరా ప్యూబెసెన్స్ అనే ఆర్కిడ్ మీద మెకార్మిక్ బృందం 2006లో దీనికి జవాబు ప్రచురించింది. మామూలు కాలంలో ఒక మొక్క ఒకే శిలీంధ్రంతో ఏళ్ల తరబడి ఉంటుంది. కరవు వంటి గడ్డు కాలం వచ్చి పాత తోడు పోతే, బతికిన మొక్కల్లో కొన్ని కొత్త శిలీంధ్రాన్ని చేర్చుకుంటాయి. రెండూ ఒకే జాతివి అయినప్పుడు, పేరు చెప్పే గుర్తుకు ఈ మార్పు తెలియదు. పేరు అదే, మనిషి వేరు.

ఈనాటి యంత్రాలు మరో అడుగు ముందుకు వేశాయి. వేరులోనో మట్టిలోనో ఉన్న శిలీంధ్రాలన్నిటి ఐటీఎస్ ముక్కలనూ ఒకేసారి, వేలకు వేలుగా చదివేస్తాయి. దీని వల్ల మేలు ఎంతో ఉంది. అయితే ఆర్కిడ్ వేరులో ఆర్కిడ్‌కు ఏ సంబంధమూ లేని బూజులు కూడా ఎన్నో కాపురం ఉంటాయి. యంత్రం వాటినీ జాబితాలో చేరుస్తుంది. జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన అది మొక్కకు తిండి పెడుతోందని చెప్పలేం. అందుకే డీఎన్‌ఏ చదివాక కూడా పాత పరీక్ష తప్పదు. చుట్ట నుంచి శిలీంధ్రాన్ని పెంచి, దాని మీద ఆర్కిడ్ గింజలు చల్లి, మొలుస్తాయో లేదో చూడాలి. గింజ మొలిస్తేనే ఆ శిలీంధ్రం తోడు అన్న మాట ఖాయం.

నేలలో శిలీంధ్రం ఉందో లేదో తెలుసుకోవడానికి గింజలనే ఎరగా వేసే పద్ధతి కూడా ఉంది. హాన్నె రాస్‌ముసెన్, డెన్నిస్ విగమ్ 1993లో దీన్ని ప్రచురించారు. సన్నటి నైలాన్ జల్లెడ గుడ్డ మధ్య గింజలు పెట్టి, అడవిలో పాతిపెడతారు. శిలీంధ్రపు దారాలు గుడ్డ కన్నాల్లోంచి లోపలికి పోగలవు. గింజలు బయటికి రాలేవు. నెలల తర్వాత తవ్వి తీస్తారు. మొలిచిన గింజల్లోని శిలీంధ్రాన్ని ఐటీఎస్‌తో గుర్తిస్తారు. పెద్ద మొక్క లేని చోట కూడా దాని శిలీంధ్రం ఉందేమో ఈ పద్ధతిలో తెలుస్తుంది. అరుదైన ఆర్కిడ్‌ను ఎక్కడ నాటాలన్న నిర్ణయానికి ఇది బాగా పనికొస్తుంది.

భారతదేశంలో 1,250కి పైగా ఆర్కిడ్ జాతులు ఉన్నాయి. ఈ శిలీంధ్రాల కుటుంబంలో భారతదేశం పేరు మోసే జీవి కూడా ఒకటి ఉంది. రాజస్థాన్ థార్ ఎడారిలో, ముళ్లపొదల వేళ్ల దగ్గర అజిత్ వర్మ బృందానికి ఒక శిలీంధ్రం దొరికింది. 1998లో దానికి పిరిఫార్మోస్పోరా ఇండికా అని పేరు పెట్టారు. ఎన్నో పంట మొక్కల వేళ్లలో చేరి పెరుగుదలను పెంచుతుందని అది ప్రసిద్ధికెక్కింది. డీఎన్‌ఏ చదివితే, ఆర్కిడ్లలో ఉండే సెరెండిపిటా గుంపుకు అది దగ్గరి చుట్టమని తేలింది. ఇప్పుడు దాని పేరు సెరెండిపిటా ఇండికా. ఎడారి ముళ్లపొదకూ, వాన అడవి ఆర్కిడ్‌కూ ఒకే కుటుంబపు శిలీంధ్రాలు సాయపడుతున్నాయన్నది కంటితో చూసి ఎవరూ చెప్పగలిగేది కాదు.

తెలుగు నేల మీద మామిడి చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే వాండా టెస్సెలేటా అందరి కళ్ల ముందూ ఉండే ఆర్కిడే. సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795లో వెలువడిన తన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. చెట్ల మీద పెరిగే ఇలాంటి ఆర్కిడ్లలో శిలీంధ్రాన్ని వెతికేటప్పుడు ఒక మెళకువ తెలిసి ఉండాలి. గాలిలో వేలాడే వేళ్లలో చుట్టలు చాలా అరుదు. బెరడుకు అంటుకుని ఉన్న వేరులో, అందులోనూ బెరడు వైపున్న భాగంలో అవి ఉంటాయి. గాలి వేరును కోసి, ఏమీ దొరకలేదని రాస్తే, తప్పు గుర్తుది కాదు, కోసిన చోటుది.

ఇదంతా పనిగా మారే చోటు సంరక్షణ. ఆస్ట్రేలియాలోని పెర్త్, మెల్‌బోర్న్ నగరాల వృక్షోద్యానాలు అరుదైన నేల ఆర్కిడ్ల గింజలతో పాటు వాటి శిలీంధ్రాలను కూడా సేకరిస్తున్నాయి. శిలీంధ్రాలను ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల చలిలో ఏళ్ల తరబడి నిల్వ చేయవచ్చు. నిల్వలో పెట్టేముందు ఐటీఎస్ చదివి పేరు రాసుకోవడం అవసరం. బయటికి తీసి పెంచినప్పుడు మళ్లీ చదవాలి. పెంపకంలో వేరే బూజు చొరబడి ఉంటే అప్పుడే పట్టుబడుతుంది. ఆ శిలీంధ్రం మీద మొలిపించిన మొక్కలను అడవిలో నాటుతారు. కొన్నేళ్లకు వాటి చుట్టూ కొత్త మొలకలు వస్తే, వాటి వేళ్ల నుంచి చుట్టలు తీసి పరీక్షించవచ్చు. మొక్కతో పాటు నాటిన శిలీంధ్రమే నిలదొక్కుకుందా, అక్కడే ఉన్న అదే జాతి శిలీంధ్రం మరొకటి వచ్చి చేరిందా అన్నది చూడాలి. ఈ ప్రశ్నకు ఐటీఎస్ చాలదు. మైక్రోశాటిలైట్లు కావాలి.